జంతు వర్గాలు తికమక లేకుండా గుర్తుండాలంటే ఎలా? (ఇంటర్ బైపీసీ)

బైపీసీ, అనంతపురం:
అన్నా, అక్కా, ఎవరైనా కాస్త చెప్పండి. పొరిఫెరా (స్పంజికలు) నుంచి కార్డేటా (మనుషులున్న వర్గం) దాకా లక్షణాలన్నీ పట్టిక వేసుకుని చదువుతున్నా, రెండు రోజులు పోతే ప్లాటీహెల్మింథిస్‌వి (బద్దెపురుగుల వర్గం) నెమటోడాకు (ఏలికపాముల వర్గం), నెమటోడావి అనెలిడాకు (వానపాముల వర్గం) కలిసిపోతున్నాయి, ఒకటే టెన్షన్. మూడూ పొడుగ్గా, మెత్తగా ఉండేవే కదా, మూడు వర్గాలెందుకు? ఇంకోటి, ఆరుద్ర పురుగు కీటకమా కాదా అని మా రూములో రోజూ వాదనే.

జువాలజీ సార్, కడప:
పట్టిక పక్కన పెట్టు నాయనా. ఏ జంతువునైనా వరసగా అడుగు. సౌష్ఠవం, అంటే ఒంటి భాగాల అమరిక, ఎలాంటిది? పిండంలో పొరలు రెండా, మూడా? పేగుకూ ఒంటి గోడకూ మధ్య ఖాళీ ఉందా? ఒళ్లు ఖండాలుగా ఉందా? స్పంజికలకు నిజమైన కణజాలాలే లేవు, మొదట్లోనే విడిపోతాయి. హైడ్రా, జెల్లీ చేపలవి రెండే పొరలు, కుట్టే కణాలుంటాయి, అక్కడితో సరి.
నీ తికమకంతా ఆ ఖాళీ దగ్గరే. బద్దెపురుగుకు అది లేదు, లోపలంతా కణజాలమే. ఏలికపాముకు ఉంది గానీ పేగు వైపు మధ్యస్త్వచం పొర లేదు, అందుకే మిథ్యాశరీరకుహరం అంటాం. వానపాముకు రెండు వైపులా ఆ పొర ఉంటుంది, అది నిజమైన శరీరకుహరం. వానొచ్చాక ఒక వానపామును కాసేపు కూర్చుని చూడు, ముందు భాగం సన్నగా సాగుతుంది, తర్వాత లావై వెనక భాగాన్ని లాక్కుంటుంది. దానికి నిలువు కండరాలు, వలయ కండరాలు రెండూ ఉన్నాయి. ఏలికపాముకు నిలువు కండరాలే కాబట్టి అలా పాకలేదు, మెలికలు తిరుగుతుంది.

గొర్రెలోళ్లు, ఆదోని:
సార్ చెప్పింది మాకు నట్టల మందు దగ్గర రోజూ పనికొచ్చేదే. గొర్రె కార్జం కోస్తే పైత్యనాళాల్లో ఆకులాగా పలచగా ఉండే కార్జపు జలగలు కనబడతాయి, అవి చెరువు జలగల వర్గం కాదు, బద్దెపురుగుల వర్గమే. ఖండాలుండవు, మలద్వారం ఉండదు, తిన్నదాంట్లో మిగిలింది మళ్లీ నోట్లోంచే బయటికి రావాలి. బద్దెపురుగుకైతే పేగే లేదు, ఒంటితోనే పీల్చుకుంటుంది. ఐవర్‌మెక్టిన్ మందు ఏలికపాము లాంటి గుండ్రటి పురుగులకు, గజ్జి పురుగులకు పనిచేస్తుంది, కార్జపు జలగకూ బద్దెపురుగుకూ మాత్రం పనిచేయదు, అందుకే డాక్టరు పేడ పరీక్ష చేయించి మందు రాస్తాడు.

గుత్తి అక్క:
ఆరుద్ర పురుగు కీటకం కాదు తమ్ముడూ. తొలకరికి ఎర్రనేలల్లో మఖమల్ ఒళ్లేసుకుని తిరుగుతుందే, దాన్ని చేతిమీదికి ఎక్కించుకుని లెక్కపెట్టు, ఎనిమిది కాళ్లు. మీసాల్లాంటి స్పర్శశృంగాలు లేవు. సాలీడు, తేలు ఉన్న విభాగమే. దాని డింభకానికి (పిల్ల దశకు) ఆరే కాళ్లు, మీ రూములో వాదన అందుకే తెగట్లేదేమో. మా ఊరి పేరుతో లోకమంతా పిలిచే నీలం సాలీడు కూడా ఈ బాపతే, 1899లో పోకాక్ అనే జంతుశాస్త్రవేత్త గుత్తిలో దొరికిన దాన్ని చూసే వర్ణించాడు.
ఆదోని అన్న చెప్పిన మందు సంగతి నాకు భలే నచ్చింది. గుండ్రటి పురుగులూ, గజ్జి పురుగుల్లాంటి కీళ్ల కాళ్ల జంతువులూ (ఆర్థ్రోపోడా) రెండూ కుబుసం విడిచేవే. 1997లో జన్యువులు పోల్చి చూసి ఈ రెండూ ఒకే కొమ్మ అన్నారు. అంతకుముందు ఖండాలను చూసి ఆర్థ్రోపోడాను వానపాముకు దగ్గర అనుకునేవాళ్లు. పరీక్షలో మాత్రం నీ పుస్తకంలోని వరసే రాయి.

బైపీసీ, అనంతపురం:
థాంక్స్ అక్కా, థాంక్స్ సార్. మరి నక్షత్ర చేప? అదీ వలయ సౌష్ఠవమే (మధ్య నుంచి చుట్టూ ఒకేలా) కదా, జెల్లీ చేప పక్కన ఎందుకు లేదు?

జువాలజీ సార్, కడప:
మంచి ప్రశ్న. పెద్దయ్యాకే దానికి ఆ రూపం, డింభకం ద్విపార్శ్వ సౌష్ఠవంతోనే (కుడి ఎడమలు ఒకేలా) ఈదుతుంది. పొరలు మూడు, నిజమైన శరీరకుహరం. పైగా పిండంలో మొదట ఏర్పడే రంధ్రం దానికి మలద్వారం అవుతుంది, నోరు తర్వాత వస్తుంది. మన కార్డేటాలోనూ అంతే. అందుకే పట్టికలో అది మన పక్కన ఉంటుంది.