ఆవకాయ సీసా లేబుల్ షాపు సరుకులా కనిపించాలంటే ఏం మార్చాలి?

ప్రశ్న (తణుకు, పచ్చళ్లు, పొడులు)

ఇంట్లోనే ఆవకాయ, గోంగూర, కందిపొడి, ధనియాల పొడి చేసి అమ్ముతుంటాను. ఇన్నాళ్లూ తెలిసినవాళ్లే కొనేవాళ్లు కాబట్టి లేబుల్ సంగతి పెద్దగా పట్టించుకోలేదు. ఈమధ్య ఒక సూపర్ మార్కెట్ వాళ్లు రుచి చూసి బాగుందన్నారు గానీ, "ప్యాకింగ్ మరీ లోకల్‌గా ఉంది మేడమ్, మార్చుకుని రండి" అన్నారు. ఏం మార్చాలో మాత్రం చెప్పలేదు.

ప్రస్తుతం ఇలా ఉంది: పైన లక్ష్మీదేవి బొమ్మ, దాని కింద వంపు తిప్పిన ఎర్ర అక్షరాల్లో పేరు, చుట్టూ పసుపు అవుట్‌లైన్, నీడ. ఒక పక్క మామిడికాయలు, ఇంకో పక్క అన్నం పళ్లెం. "100% నేచురల్", "అమ్మ చేతి వంట", రెండు ఫోన్ నంబర్లు. వెనకంతా ఎరుపు. చేసిచ్చినాయన ఇంకొంచెం డబ్బులిస్తే గోల్డ్ ఎఫెక్ట్ పెడతానంటున్నారు. పెట్టించమంటారా? మా అమ్మాయేమో కాన్వా (డిజైన్లు చేసుకునే యాప్)లో తనే చేసేస్తానంటోంది.

జవాబు (విజయవాడ, డీటీపీ, డిజైనింగ్)

గోల్డ్ వద్దమ్మా, ఆ డబ్బులు దాచుకోండి. ఇప్పుడు లేబుల్ మీద ఉన్నవాటిలోనే సగం తీసేయాలి.

సీసాలోంచి ఆవకాయ కనిపిస్తూనే ఉంది కదా, ఇంక మామిడికాయల బొమ్మ దేనికి? లక్ష్మీదేవి గురించి చెప్తే ఏమీ అనుకోకండి. పచ్చడి అయిపోయాక ఆ సీసా ఎక్కడికి పోతుందో ఒక్కసారి ఆలోచించండి. కొంతమంది కస్టమర్లకు అది పారేయడానికి చెయ్యి రాదు. ఇక ఎర్రటి పచ్చడి మీద ఎర్ర లేబుల్ అతికిస్తే రెండూ కలిసిపోయి పేరు ఎవరికీ కనపడదు. మీగడ రంగో, లేత పసుపో వేయించండి. ఎరుపు పేరుకి మాత్రం ఉంచుకోండి.

అసలు గొడవంతా అక్షరాల దగ్గరే. మన డీటీపీ షాపుల్లో ఖాళీ ఎంత ఉంటే అక్షరాన్ని అంత సాగదీయడం అలవాటు. సాగిన అక్షరం ఎవరికైనా తెలిసిపోతుంది, ఎందుకు బాలేదో చెప్పలేకపోయినా సరే. దాని మీద లావు అవుట్‌లైన్ కొట్టారనుకోండి, అక్షరాల్లో ఉన్న చిన్న చిన్న గీతలు పూడుకుపోతాయి. మీ ధనియాల పొడి సీసా చేతిలోకి తీసుకుని చూడండి. ధ కింద గీత కనిపిస్తోందా, "దనియాల పొడి" అని ఉందా?

ఇంకోటి, లైన్ల మధ్య దూరం. ఇంగ్లీషుకి సరిపోయే దూరం తెలుగుకి చాలదు. పై లైన్‌లో ఒత్తులు కిందికి దిగుతాయి, కింది లైన్‌లో గుడులు పైకి లేస్తాయి, రెండూ గుద్దుకుంటాయి. "పచ్చళ్లు" కింద "నెయ్యి కారప్పొడి" రాసి చూస్తే మీకే అర్థమవుతుంది. దూరం పెంచండి, చోటు చాలకపోతే అక్షరం సైజు తగ్గించండి. అంతే గానీ ఇరికించొద్దు.

ఫాంట్లు రెండు చాలు. పేరుకి రామభద్ర లాంటి బొద్దు ఫాంట్, మిగతా వివరాలకు మండలి గానీ హింద్ గుంటూరు గానీ. ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, వ్యాపారానికి కూడా వాడుకోవచ్చు. రామభద్రని చిన్న సైజులో మాత్రం వాడకండి, ముద్దైపోతుంది. వంపు తిప్పడం, నీడ వేయడం మర్చిపోండి.

అమ్మాయి చేస్తానంటే చేయనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. ఎవరి చేత చేయించినా తెలుగు అక్షరాలు విరిగాయేమో ఒకసారి చూసుకోండి. పాత ఫొటోషాప్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ (మన భాషల అక్షరాలను సరిగా కలిపే సెట్టింగ్) ఆన్ చేయకపోతే ఒత్తు పక్కకొచ్చి "పచ్‌చడి" అని పడుతుంది. అలాగే అచ్చైపోయి షాపులకెక్కిన ప్యాకెట్లు బోలెడు.

జవాబు (రాజమండ్రి, జంతికలు, చేగోడీలు)

పైన అన్నగారు చెప్పిన అక్షరాల సంగతి కరెక్టే గానీ, మరీ అంతా తీసేస్తే కూడా కష్టం అక్కా. మా ప్యాకెట్ మీద ఎరుపు, పసుపు అలాగే ఉంచాం. సంతల్లో, కిరాణా కొట్లలో దూరం నుంచి ఆ రంగులు చూసే గుర్తుపడతారు. మా బంధువులబ్బాయి మాట విని కొన్నాళ్లు తెల్ల ప్యాకెట్, మధ్యలో సన్నటి ఇంగ్లీషు అక్షరాలు వేశాం. కొట్టువాళ్లు మందుల ప్యాకెట్టా అని నవ్వారు. మీరు ఎవరికి అమ్ముతున్నారో దాన్ని బట్టి చూసుకోండి. కాకపోతే అన్ని సైజులకూ ఒకే డిజైన్ ఉండాలి. పావుకిలోకి ఒకటి, అరకిలోకి ఇంకోటి అంటే వేరే కంపెనీ సరుకనుకుంటారు.

జవాబు (హైదరాబాద్, స్టోర్ కొనుగోళ్లు చూస్తాను)

"లోకల్‌గా ఉంది" అని మేం అన్నప్పుడు నూటికి తొంభై పాళ్లు బొమ్మల గురించి కాదండీ. సీసా తిప్పి వెనక చూస్తాం. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) నంబరు, నికర బరువు, అన్ని పన్నులతో కలిపి ఎంఆర్‌పీ, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలి, బ్యాచ్ నంబరు, పదార్థాలు, పోషక విలువలు, అడ్రసు, ఫిర్యాదుకి ఫోన్ నంబరు. ఇవి లేకపోయినా, ఎంఆర్‌పీ బాల్‌పెన్‌తో రాసినా ర్యాక్ మీద పెట్టలేం. తెలుగులో ఎంత రాసుకున్నా ఈ వివరాలు ఇంగ్లీషులోనో హిందీలోనో తప్పనిసరి. శాకాహారం గుర్తు కూడా: ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్క. "నేచురల్", "ప్యూర్" లాంటి మాటలకు ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 నియమాల్లో షరతులున్నాయి. 100% అనేది తీసేయడమే మంచిది.

బార్‌కోడ్ వేయిస్తే నలుపు గీతలు, తెల్ల వెనకభాగం. ఎర్ర గీతలు స్కానర్‌కి కనపడవు, దాని వెలుతురే ఎరుపు. సన్నటి సీసా అయితే గీతలు నిచ్చెన మెట్లలా అడ్డంగా వచ్చేట్టు తిప్పి వేయించండి, లేకపోతే వంపు మీద సరిగా చదవదు.

మళ్లీ అడుగుతున్నాను (తణుకు)

అందరికీ థ్యాంక్సండీ. ధనియాల పొడి సీసా చూశాను, నిజంగానే "దనియాల" అనే ఉంది! ఇంకో రెండు డౌట్లు. ఫోన్‌లో బ్రహ్మాండంగా కనిపించిన రంగు అచ్చులో వెలిసిపోయినట్టు వస్తోంది. లేబుల్‌కి నూనె పట్టి మరకలు పడుతున్నాయి. వీటికేం చేయాలి?

జవాబు (విజయవాడ, డీటీపీ, డిజైనింగ్)

ఫోన్‌లో రంగు వెలుతురుతో వస్తుంది, అచ్చులో సిరాతో వస్తుంది. ముఖ్యంగా మెరిసే ఆకుపచ్చ, నీలం అచ్చులో అలా రావు. డిజైన్ మొదటినుంచీ సీఎంవైకేలో, అంటే అచ్చుకి వాడే నాలుగు సిరాల లెక్కలో చేయమనండి. ఒక షీటు శాంపిల్ తీయించి, సీసాకి అతికించి, ఎండలో, ట్యూబ్‌లైట్ కింద చూసుకున్నాకే మిగతావి కొట్టించండి. నచ్చిన ఎరుపుకి నాలుగు సిరాల నంబర్లూ రాయించుకుని దగ్గర పెట్టుకోండి. రేపు బోర్డు వేయించినా, కార్డు వేయించినా అవే ఇవ్వండి. చిన్న అక్షరాలు ఒక్క నల్ల సిరాతోనే రావాలి. నాలుగు సిరాలూ కలిపి నలుపు చేస్తే అంచులు చెదిరి మసగ్గా కనిపిస్తాయి.

నూనెకి మామూలు కాగితం స్టిక్కర్ ఆగదు. పీవీసీ స్టిక్కర్ గానీ, పైన లామినేషన్ గానీ అడగండి. మ్యాట్ అయితే షాపు లైట్లకి మెరవదు, పేరు చదవడానికి హాయిగా ఉంటుంది. బ్యాచ్ నంబరు, తేదీ స్టాంపు వేసే చోట మాత్రం లామినేషన్ మీద ఆ ఇంకు నిలుస్తుందో లేదో ముందే రుద్ది చూడండి.

ప్రెస్‌కి ఫైలు వాట్సాప్‌లో ఫోటోగా పంపకండి, నాణ్యత పోతుంది. పీడీఎఫ్ చేసి డాక్యుమెంట్‌గా పంపండి. అక్షరాలు కర్వ్స్ చేయమనండి, అంటే ఫాంట్ లేకపోయినా మారకుండా బొమ్మల్లా మార్చమనండి. అంచుల చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ (కోతకి పోయే అదనపు రంగు) వదలమనండి. కర్వ్స్ చేయక ముందు ఫైలు కూడా అడిగి తీసుకోండి. ధర మారినప్పుడల్లా దాని అవసరం పడుతుంది, అది లేకపోతే మళ్లీ మొదటినుంచి చేయాలని డబ్బులడుగుతారు.