సంక్రాంతి సెలవుల్లో గరివిడి, గర్భాం వైపు పాత మాంగనీస్ గనులు చూడాలి, ఫోర్‌వీల్ బండి కావాలా?

మస్కట్ మావయ్య:
అందరికీ నమస్కారం. మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి దగ్గర పల్లెటూరు, పదకొండేళ్లుగా ఒమన్‌లో ఉద్యోగం, పండక్కి నెల రోజులు సెలవు పెట్టి వచ్చాను. మొన్న డిసెంబర్‌లో ఒక శుక్రవారం తెల్లారగట్లే మా రూంలో వాళ్లం నలుగురం ఫోర్‌వీల్ బండేసుకుని (ఇంజిన్ నాలుగు చక్రాలనూ తిప్పేది) సోహార్ అవతల వాదీ జిజ్జీ కొండల్లో ఉన్న పాత రాగి గనులకు వెళ్లాం. వాదీ అంటే ఎండిపోయిన ఏరు, ఆ గులకరాళ్ల మీదే నడపాలి, ఇసుక తగిలిన చోట టైర్లలో గాలి 18 పాయింట్లకు దించేసి, మళ్లీ తారు రోడ్డు ఎక్కే ముందు పంపుతో కొట్టుకోవాలి. మధ్యాహ్నానికి చేరాం. రాగి కరిగించి పారబోసిన నల్లటి చిట్టెం గుట్టలు గుట్టలుగా పడుంది, మనిషి అలికిడి లేదు. నాలుగు వేల ఏళ్ల కిందటే ఇప్పటి ఇరాక్‌లో ఉండే సుమేరు వాళ్లకు ఇక్కడి నుంచే రాగి వెళ్లేదట, ఈ ప్రాంతాన్ని వాళ్లు మగన్ అనేవారట.

అదంతా చూస్తుంటే కొంచెం సిగ్గేసింది. ఎక్కడో ఎడారిలో గనులు చూడ్డానికి అంత దూరం వెళ్లాను గానీ మా ఊరి పక్కనున్నవి ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదు, చిన్నప్పుడు బస్సులోంచి కనిపించిన నల్లమట్టి దిబ్బలే గుర్తు. ఈసారి మా బావమరిదిని, ఇద్దరు మేనల్లుళ్లను తీసుకుని పొద్దున్న వెళ్లి సాయంత్రానికి వచ్చేయాలని ఉంది. వైజాగ్‌లో థార్ జీపు అద్దెకు దొరుకుతోంది, తీసుకోవాలా? శిథిలాలు చూడ్డానికి ఏమైనా మిగిలాయా, లోపలికి రానిస్తారా? గోతుల్లో నీళ్లు బాగుంటాయి, ఈత కొడదాం అంటున్నారు కుర్రాళ్లు, అదీ చెప్పండి.

బొలెరో బాబు:
గురువుగారూ, థార్ అద్దె మిగుల్చుకుని పిల్లలకు బట్టలు కొనండి. సంక్రాంతి దాటాక నేల గట్టిగా ఉంటుంది, ట్రాక్టర్లు తిరిగే బాటలే అన్నీ, నేను ఆరేళ్లుగా మామూలు బొలెరోలో తిరుగుతున్నాను, అది వెనక చక్రాల బండే. ఎత్తుగా ఉంటే చాలు. ఇసుక లేదు కాబట్టి మీ గాలి దించే లెక్కలు ఇక్కడ అక్కర్లేదు. అయినా థార్ మీదే మోజు ఉంటే తీసుకునే ముందు చూసుకోండి, 2023 నుంచి వెనక చక్రాల థార్ కూడా అమ్ముతున్నారు, పేరు చూసి ఫోర్‌వీల్ అనుకుంటే దెబ్బే. ఫోర్‌వీల్ దొరికితే మాత్రం తారు రోడ్డు మీద ఫోర్‌వీల్ గేరు వేసి నడపొద్దు, మలుపుల్లో గేర్లు బిగుసుకుంటాయి.

ఇంకోటి. దిబ్బ మీదకు ఎక్కించి ఫోటో తీద్దామని మాత్రం అనుకోకండి. అది పారబోసిన మట్టి, ఎవరూ దిమ్మిస కొట్టింది కాదు, అంచున బండి బరువు పడితే జారిపోతుంది. పోయిన అక్టోబర్‌లో వాన పడ్డ మర్నాడు తొందరపడి వెళ్లాను, తెల్లగా సుద్దలా ఉండే మట్టిలో ఇరుసు దాకా దిగబడింది. ట్రాక్టరతను వెయ్యి రూపాయలు తీసుకుని లాగాడు. అప్పుడు ఫోర్‌వీల్ ఉన్నా ఏటవుతుంది, రెండు చక్రాలు తిరిగే చోట నాలుగూ తిరిగేవి, అంతే.

హైవే హీరో:
పాత గోతుల దగ్గర కంచె కూడా ఉండదు బ్రో, ఎవరినీ అడగక్కర్లేదు. ఈత కూడా సూపర్, మేం కాలేజీ రోజుల్లో కొట్టాం.

గరివిడి అమ్మాయి:
పైన ఈత సూపర్ అన్నాయన మాట వినకండి అన్నయ్యా, ప్లీజ్. చెరువైతే గట్టు నుంచి లోపలికి వెళ్లే కొద్దీ లోతు మెల్లగా పెరుగుతుంది. గని గోతికి అలా ఉండదు, అంచు దాటితే నిలువునా లోతే. పైగా అడుగున ఏముందో తెలీదు, బయటికి ఎక్కుదామంటే చేతికి పట్టు దొరకదు, పట్టుకున్న మట్టి పట్టుకున్నట్టే ఊడి వస్తుంది. ఈత వచ్చిన వాళ్లే ఆ ధైర్యంతో దిగుతారు కాబట్టి అసలు భయం వాళ్లకే.

శిథిలాలు అని రాశారు చూసి నవ్వొచ్చింది. మా నానమ్మ గని పనికి వెళ్లేది. మగవాళ్లు గునపాలతో తవ్వితే ఆడవాళ్లు సుత్తెలతో కొట్టి, రాయి వేరు మట్టి వేరు చేసి తట్టలకెత్తి మోసేవారు. ఇంటికొచ్చి ఎంత తోమినా గోళ్ల సందుల్లో నలుపు పోయేది కాదట, పెళ్లిళ్లకు వెళ్తే చేతులు కొంగులో దాచుకునేదాన్ని అని చెప్పేది. మీకు అక్కడ కనిపించేవి నీళ్ల గోతులు, దిబ్బల మీద మొలిచిన తుమ్మ చెట్లు, మేకలు. బురుజులూ సొరంగాలూ ఉంటాయని పిల్లలకు చెప్పి తీసుకెళ్తే మీ మీద అలుగుతారు. ఇక్కడ చాలా మటుకు పైనుంచి తవ్విన గనులే.

అన్నీ పాడుబడినవి కూడా కావు. గర్భాంలో విశాఖ ఉక్కు కర్మాగారానికి సొంత మాంగనీస్ గని ఉంది. లీజులో ఉన్న చోటికి మేనేజరు అనుమతి లేకుండా వెళ్లకూడదు, కంచె లేనంత మాత్రాన ఎవరిదీ కాదని కాదు. ముందు ఊళ్లో ఆగి, టీ కొట్టు దగ్గర ఎవరైనా పెద్దాయన్ని అడిగి వెంట తీసుకెళ్లండి.

కోడూరు రాయి:
నేను డిగ్రీ కాలేజీలో జియాలజీ చెప్పి రిటైరయ్యాను. బొలెరో తమ్ముడు దిగబడ్డానన్న ఆ తెల్ల సుద్దే అసలు కథ, అందుకని కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక లేనివాళ్లు దాటేయండి.

మన దేశంలో మాంగనీస్ తవ్వకం మొదలైంది ఈ నేల మీదే, 1892లో. అప్పుడు ఇదంతా విశాఖపట్నం జిల్లా. (చీపురుపల్లి వైపు తర్వాత శ్రీకాకుళం జిల్లాలో ఉండి, 1979లో విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు ఇటొచ్చింది. మా నాన్నగారి సర్టిఫికెట్లలో ఇప్పటికీ శ్రీకాకుళమే.) ఆ దశకంలోనే తూర్పు తీరం రైలు మార్గం కూడా పడింది. జియలాజికల్ సర్వేలో పనిచేసిన ఫెర్మర్ అనే దొర ఇక్కడి గనులన్నీ తిరిగి, గరివిడి దగ్గరి కోడూరులో దొరికిన రాయికి ఆ ఊరి పేరే పెట్టాడు, కోడురైట్ అని. ప్రపంచంలో ఎక్కడ జియాలజీ చదివినా ఆ పేరు అలాగే పలకాలి. ఊరి వాళ్లకే తెలీదు, అది వేరే బాధ.

ఆ రాయిలో ఫెల్‌స్పార్, మాంగనీస్ ఉన్న గోమేదికం, అపటైట్ అనే ఖనిజాలు కలిసి ఉంటాయి. లక్షల ఏళ్లు నీళ్లు దిగి దిగి రాయి కుళ్లిపోతే, గోమేదికంలోని మాంగనీస్ నల్లటి ఖనిజంగా ఒకచోట చేరుతుంది, ఫెల్‌స్పార్ మెత్తటి సుద్దమట్టి అవుతుంది. అంటే ఖనిజం చుట్టూ ఉన్నది గట్టి రాయి కాదు, సుద్ద. ఖనిజం తీసేశాక గోతికి మిగిలిన గోడలు ఆ సుద్దవే. ఎండాకాలం గోడలా నిలబడి ఉంటుంది, నీళ్లు తాగితే పెళ్లలు పెళ్లలుగా ఊడి పడుతుంది. అమ్మాయి చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. అంచుకు పది అడుగుల ఇవతలే నిలబడండి, నేల మీద బీట కనిపిస్తే ఇంకా వెనక్కి.

సాయంత్రం టైం మిగిలితే రామతీర్థం వెళ్లండి. మీకు శిథిలాలే కావాలంటే అక్కడ గురుభక్తుల కొండ మీద బౌద్ధులవి ఉన్నాయి, పిల్లలు మెట్లెక్కి అలిసిపోతారు కూడా.

మస్కట్ మావయ్య:
అందరికీ థాంక్స్. నిన్న వెళ్లొచ్చాం. థార్ తీసుకోలేదు, మా బావమరిది స్నేహితుడి బొలెరోలోనే. టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన దొరికారు, డెబ్బై దాటాయి, పాతికేళ్లు గనిలో చేశారట. మా చేత బండి రోడ్డు పక్కనే ఆపించి నడిపించారు, కాబట్టి ఫోర్‌వీల్ గోలే లేదు. గోతి దగ్గర ఆయన చేతికర్ర అడ్డం పెట్టి ఇంతవరకే అన్నారు, కుర్రాళ్లు కిక్కురుమనలేదు. నీళ్లు ఆకుపచ్చగా ఉన్నాయి, ఎదురుగా గోడ తెలుపు, పసుపు, నలుపు చారలు చారలుగా, మాస్టారు చెప్పిన సుద్ద అదే అనుకుంటా. ఒమన్‌లో గంటసేపు తిరిగినా చెప్పే మనిషి లేడు, ఇక్కడ ఈయన ఆపకుండా రెండు గంటలు చెప్పారు, ఏ మూల ఎవరు తవ్వారో, వారం కూలీ ఎంతో, ఏ ఏడు వానలకు ఏ గోడ కూలిందో. గరివిడి చెల్లీ, మీ నానమ్మగారి మాట చెప్తే, ఆయన తన గోళ్లు చూపించి నవ్వారు.

రామతీర్థం కుదరలేదు, చీకటి పడిపోయింది. చిన్న మేనల్లుడు దారి పక్కన ఒక నల్లరాయి ఏరుకుని జేబులో వేసుకున్నాడు, నిక్కరు మొత్తం మసి. దాన్ని మస్కట్ తీసుకెళ్లి మా రూం వాళ్లకు చూపిద్దామంటే, ఆవకాయ సీసా పక్కన ఆ రాయి పెట్టడానికి వీల్లేదని మా ఆవిడ సూట్‌కేస్ మీద కూర్చుంది.