దర్శినీల నూనె సబ్బైపోతోంది, బయోడీజిల్ చేసినవాళ్లు చెప్పండి

పీణ్యా రమణ:
బెంగళూరు పీణ్యాలో చిన్న షెడ్డుంది నాకు. దర్శినీల్లో, అంటే ఇక్కడి నిలబడి తినే టిఫిన్ హోటళ్లలో, వడలు వేయించి వదిలేసిన నూనె వారానికి రెండు డ్రమ్ములు తెస్తున్నా. దాంట్లో మిథనాల్, కాస్టిక్ సోడా కలిపి బయోడీజిల్ చేస్తున్నా. మూడు దఫాలు వేస్తే రెండు సబ్బై గడ్డకట్టాయి. మిథనాల్ తక్కువైందా? డీజిల్ తీశాక అడుగున మిగిలే గ్లిజరిన్ ఏం చేస్తున్నారు? అనుమతుల సంగతి కూడా చెప్పండి.

కానుగ నీడ:
కర్ణాటకలో ఉండి వడల నూనె ఎందుకండీ? బెంగళూరు సైన్స్ సంస్థ ఐఐఎస్‌సీలో ఉన్న ఉడిపి శ్రీనివాస గారు కగ్గనహళ్లిలో కానుగ నూనెతో జనరేటర్లు నడిపించి నీళ్లు తోడించారు. ఇక్కడ హొంగె అంటారు. మా వీధిలో కాయలన్నీ రాలి కాళ్లకింద నలుగుతున్నాయి, ఏరే దిక్కు లేదు.

మదనపల్లి రైతుబిడ్డ:
చెట్ల మాట ఎత్తకండి. 2003లో ప్రణాళికా సంఘం బయోడీజిల్‌కి అడవి ఆముదం (జట్రోఫా) వేయమంది. బీడులో కూడా కాస్తుందన్నారు. మా నాన్న నాలుగెకరాలు పెట్టాడు. నీళ్లు కట్టందే కాయ లేదు, కాసిన నాలుగు కాయలు కొనే నాథుడు లేడు. ఆ అప్పు తీర్చడానికే నేను బెంగళూరొచ్చా.

కెమికల్ సూరి:
ఇరవై ఆరేళ్లు రియాక్టర్ల దగ్గరే పనిచేశా. రమణా, తప్పు మిథనాల్‌ది కాదు. మాడిన నూనెలో ఆమ్లాలు ఎక్కువ, అడుగున నీళ్లు. రెండూ సబ్బు చేసేవే. ముందు 110 డిగ్రీల దాకా కాచి తడి పోగొట్టు. తర్వాత టైట్రేషన్, అంటే కొంచెం నూనె తీసి అందులో ఆమ్లం ఎంతుందో సోడా నీళ్లతో కొలవడం. తాజా నూనెకైతే లీటరుకు 3.5 గ్రాముల కాస్టిక్ సోడా, వాడిన నూనెకి టైట్రేషన్‌లో తేలినంత అదనం.

హెబ్బాళ లక్ష్మి:
సూరి గారూ, ఆమ్లం మరీ ఎక్కువున్న నూనెలో సోడా పెంచితే సబ్బు ఇంకా పెరుగుతుంది. ముందు సల్ఫ్యూరిక్ ఆమ్లం, మిథనాల్‌తో ఒక దశ నడిపి ఆమ్లాలు 2 శాతం లోపుకి దించాలి. ఆ తర్వాతే సోడా.

కెమికల్ సూరి:
పుస్తకంలోది చెప్తున్నావమ్మా. వడల నూనెకి రెండు దశలెందుకు?

హెబ్బాళ లక్ష్మి:
చేసే చెప్తున్నా. చిప్స్ కొట్టు నూనె నలభై లీటర్లు నా చేతుల మీదే గడ్డకట్టింది. ఆడమనిషి చెప్తే పుస్తకమేనా?

కానుగ నీడ:
లక్ష్మి గారిదే రైటు. పచ్చి కానుగ నూనెకీ చాలాసార్లు రెండు దశలు పడతాయి.

కేఆర్ పురం వాసు:
ప్లాస్టిక్ కవర్ల నుంచి తీసిన ఆయిలని ఒకాయన దగ్గర ఐదు లీటర్లు కొని బండిలో పోశా. కార్బురేటర్ అంతా జిగురు. మెకానిక్‌కి రెండు వేలు.

కెమికల్ సూరి:
గాలి తగలకుండా వేడిచేసి తీసిందాన్ని అలాగే పోస్తే అంతే. డెహ్రాడూన్‌లోని పెట్రోలియం పరిశోధన సంస్థ ఐఐపీ ప్లాస్టిక్ నుంచి డీజిల్ తీసిందంటే, దాని వెనక శుద్ధి చేసే పనే ఎక్కువ.

దర్శిని వాళ్లబ్బాయి:
పోలార్ పదార్థాలు (నూనె మళ్లీ మళ్లీ కాగితే పుట్టే చెడు పదార్థాలు) 25 శాతం దాటిన నూనెలో వండకూడదని 2018 జూలై నుంచి రూలుంది. అయినా రాత్రిపూట ఎక్కువ ధరిచ్చి బజ్జీల బళ్లకి కొనుక్కుపోతున్నారు. రమణ గారూ, మా నూనె మీకే ఇస్తా. డబ్బాకి రేటు పెంచండి చాలు, పిల్లలు తినే బళ్లకి పోకూడదు.

పీణ్యా రమణ:
తప్పకుండా, నంబరు మెసేజ్‌లో పెట్టండి. సూరి గారు చెప్పినట్టు కాచి, టైట్రేషన్ చేసి, రెండు లీటర్లతో చూశా. సబ్బు పలచటి పొరే వచ్చింది. చిప్స్ నూనె లక్ష్మి గారి పద్ధతిలో వేస్తా. షెడ్డులో కట్టెల పొయ్యి మీదే కాస్తున్నా, పర్లేదా?

హెబ్బాళ లక్ష్మి:
తమ్ముడూ, ఆ పొయ్యి ఇవాళే ఆర్పెయ్. మిథనాల్ 65 డిగ్రీలకే మరుగుతుంది, ఆవిరి మంట దాకా పాకుతుంది. పీలిస్తే చూపు పోతుంది. కరెంటు హీటరు, మూత బిగిసే డ్రమ్ము, తెరిచిన కిటికీలు. అవి అమరేదాకా మిథనాల్ డబ్బా మూత తియ్యకు.