సమస్య: కూలి కూలి చేరెఁ గోరు దరిని

నిర్వాహకుడు: ఈసారి సమస్య ఆటవెలది అనే పద్యఛందంలో నాలుగవ పాదం; మిగిలిన మూడు పాదాలు అల్లి దాన్ని పూరించాలి. కూలినవాడు దరి చేరడమేమిటన్న అసంగతిని, 1911లో అమెరికా ఖండాన్ని విమానంలో మొదటిసారి దాటిన కాల్‌బ్రైత్ రోజర్స్ ప్రయాణంతో పరిహరించాలి. విన్ ఫిజ్ అనే ద్రాక్షరుచి సోడా ప్రచారం కోసం ఆ పేరే పెట్టిన రైట్ విమానంలో ఆయన సెప్టెంబరు 17న న్యూయార్క్‌లో లేచి, రైలుపట్టాలే దారిగా పడమరకు సాగి, ఎన్నోసార్లు నేలకూలి, నవంబరు 5న కాలిఫోర్నియాలోని పాసడీనాలో దిగారు. ముప్పై రోజుల్లో దాటినవారికి పత్రికాధిపతి హెర్‌స్ట్ ప్రకటించిన 50,000 డాలర్ల బహుమతి గడువు మధ్యదారిలోనే తీరిపోయినా ఆయన ఆగలేదు.

మొదటి పూరణ:

చెట్టు తగిలి కోళ్ళ చెంతఁ బడి విరిగె
రెక్క; మరల దాని నెక్కి యెగిరె;
కాలు విరుగఁ జంకకఱ్ఱలు కట్టుక
కూలి కూలి చేరెఁ గోరు దరిని.

నిర్వాహకుడు: రెండవ పాదంలో ప్రాసయతి ('రెక్క', 'నెక్కి'ల్లో రెండవ అక్షరాల పొత్తు) హాయిగా ఉంది. మిడిల్‌టౌన్‌లో చెట్టుకు తగిలి కోళ్ళగూటి మీద పడడం రెండవనాటి సంగతే. అయితే చీలమండ విరిగింది పాసడీనా దాటాక, సముద్రతీరానికి పోతూ కాంప్టన్‌లో పడినప్పుడు. డిసెంబరు 10న చంకకఱ్ఱలను విమానానికి కట్టుకొని లాంగ్‌బీచ్ చేరేదాకా ఆయన మళ్ళీ పడలేదు. కాబట్టి 'కట్టుక కూలి కూలి' అన్న అన్వయం తలకిందులైంది.

రెండవ పూరణ:

ద్రాక్షరసపు సోడ రాతల రెక్కల
నూరి వెంట నూరు నొకఁడు దాఁటె;
మైలు కైదు లెక్క మాటిచ్చు డాలర్లె
కూలి, కూలి చేరెఁ గోరు దరిని.

నిర్వాహకుడు: భేష్! మొదటి 'కూలి'ని జీతంగా విరవడంతో సమస్య ఒక్క దెబ్బకు విడిపోయింది. 'రాతల రెక్కల' అన్నది కాస్త బిగువు తప్పింది.

ఒక సభ్యుడు: మైలుకు ఐదు డాలర్లు మిసిసిపీ నదికి తూర్పున మాత్రమే, పడమట నాలుగే. విడిభాగాలతో, మెకానిక్కులతో వెంట నడిచిన ప్రత్యేక రైలు లేకపోతే ఆ కూలి మరమ్మతుల్లో ఏ మూలకూ వచ్చేది కాదు.

మూడవ పూరణ:

పక్షి యొకటి తగిలె, పసిఫిక్కు కెరటాలఁ
బడియె నతఁడు, మునుపు పయనమందు
నేల నేల తాకి నిలిచిన వాఁడెట్లొ
కూలి కూలి చేరెఁ గోరు దరిని.

అదే సభ్యుడు: 1912 ఏప్రిల్ 3న లాంగ్‌బీచ్ దగ్గర పక్షుల గుంపులో చిక్కి ఆయన మరణించిన మాట నిజమే కాని, చావును 'కోరు దరి' అనవచ్చునా?

మూడవ పూరణకర్త: పాసడీనాలో జనం నీరాజనాలు పట్టినా తృప్తిపడక, చక్రాలు పసిఫిక్ నీటిలో తడిస్తేనే యాత్ర పూర్తయినట్టని పట్టుపట్టి ఆయన చేరిన తీరమది. నాలుగు నెలలు తిరగకుండానే పడిందీ అక్కడే.

నిర్వాహకుడు: సమర్థన బాగుంది, అయితే అది పద్యంలోనే ధ్వనించాలి. ఇంజను సిలిండరు పేలి ఉక్కు ముక్కలు ఆయన చేతిలో దిగబడిన ఘట్టాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఇంకా పూరించదలచినవారు దాన్ని అందుకోవచ్చు.