ఇంటి ముందు తంగేడు ఎవరైనా పెంచారా?

అనంత_మిద్దెతోట:
ఉగాది దగ్గరికొస్తోంది, మా అనంతపురం చుట్టూ ఏ రోడ్డు పట్టుకుని పోయినా బీళ్లలో తంగేడు పసుప్పచ్చగా కనిపిస్తోంది. మా గేటు పక్కన మూడడుగుల మట్టి జాగా ఉందని పోయినేడు ఒక మొక్క తవ్వి తెచ్చి పెట్టాను. రోజూ నీళ్లు పోసినా పది రోజుల్లో ఎండిపోయింది. చాలా బాధేసింది. ఎవరైనా దారి చెప్పండి.

కర్నూలు_గట్టు:
తవ్వి తెస్తే బతకడం కష్టం అక్కా, తల్లివేరు లోతుకు దిగి ఉంటుంది, అది తెగితే అంతే. విత్తనమే నాటండి. కాయలు ఎండి గోధుమరంగుకు తిరిగాక తెంపి, గింజల్ని గరుకు బండ మీద కాస్త రుద్ది, వేడినీళ్లు పోసి రాత్రంతా వదిలేస్తే పొద్దునకి కొన్ని ఉబ్బుతాయి, నేను వాటినే నాటాను. పన్నెండింటిలో ఏడు మొలిచాయి, రెండో ఏట పూశాయి. ఇప్పుడు రోజూ పొద్దున నల్ల తుమ్మెద వచ్చి పువ్వుని కాళ్లతో పట్టుకుని గుయ్యిమని వణికిస్తుంది. ఆ పువ్వులో తేనె ఉండదు, పుప్పొడి సన్నటి రంధ్రాల్లోంచి రాలాలంటే అట్లా ఊపాల్సిందే. పోయేటప్పుడు చూడాలి, దాని పొట్టంతా పసుపే!

పాలకొండల_పక్కన:
కడపలో మాకు కొండగోగు పిచ్చి. ఫిబ్రవరి, మార్చిల్లో ఒక్క ఆకు లేని మోడు కొమ్మలకి అరచేతంత పసుపు పూలు. కొమ్మలు మాత్రం విరవకండి, రాలినవి తెచ్చి నీళ్ల గిన్నెలో వేసుకున్నా కళగా ఉంటాయి. ఇంకో మాట, మా కాలనీ పార్కులో గడ్డి మధ్య విష్ణుక్రాంత పూసేది, చిటికెన వేలి గోరంత నీలం పువ్వు, కలుపని మొత్తం గీకేశారు. మాలితో మాట్లాడి ఒక మూల వదిలేయించాం, మళ్లీ వచ్చింది. పొద్దున్నే వెళ్లాలి, ఎండెక్కితే ముడుచుకుంటుంది.

నంద్యాల_వేప:
మా తంగేడు ఆకుల్ని పచ్చ పురుగులు తినేస్తున్నాయి, మందు కొట్టాలా?

కర్నూలు_గట్టు:
వద్దు వద్దు! అవి లేత ఆకుపచ్చ సీతాకోకచిలుకల పిల్లలు, ఆ ఆకు మీదే గుడ్లు పెడతాయి. చెట్టు మళ్లీ చిగురేస్తుంది, మాది రెండుసార్లు వేసింది.

అనంత_మిద్దెతోట:
థాంక్స్ తమ్ముడూ. బస్టాపు వెనక బీట్లో ఎండు కాయలు చూసి పెట్టుకున్నాను, ఆదివారం పొద్దున పాపను తీసుకుని వెళ్తాను.