‘ఉభయకుశలోపరి’ ఉత్తరంలో ఎక్కడ రాయాలి?

తాతల నాటి ఉత్తరాల్లో కనిపించే ‘ఉభయకుశలోపరి’కి అర్థమేమిటని, ఇప్పుడు స్నేహితులు రాసుకుంటే ఎబ్బెట్టుగా ఉంటుందా అని ఇక్కడ అడిగారు. ఎబ్బెట్టేమీ కాదు, హాయిగా రాసుకోవచ్చు. కాకపోతే ఉత్తరంలో ఎక్కడ పెడుతున్నామో చూసుకోవాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఉభయ అంటే ఇద్దరి, కుశలం అంటే క్షేమం, ఉపరి అంటే పైన, ఆ తర్వాత. కుశల + ఉపరి = కుశలోపరి. పరోపకారంలో ఉన్న గుణసంధే ఇది. మొత్తం కలిపితే ‘ఇద్దరి క్షేమసమాచారాలూ అయ్యాక’ అని. చాలామంది దీన్ని ‘ఇద్దరం క్షేమం’ అనే అర్థంలో తీసుకుంటారు. అది సరికాదు. అసలు సంగతిలోకి దిగేముందు దాటే గడప లాంటి మాట ఇది. దీని తర్వాతే పెళ్లి సంబంధం కబురో, పొలం తగాదానో, డబ్బు పంపమనడమో వచ్చేది. సమాసం కాబట్టి కలిపి రాయడమే పద్ధతి.

‘ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను’ అనే వాక్యం మనందరికీ తెలిసిందే. చదువు రానివాళ్లు బడిపిల్లల చేత రాయించుకున్న ఉత్తరాల్లో కూడా ఇది తప్పేది కాదు. ముందు మన క్షేమం చెప్పాలి, తర్వాత వాళ్లది అడగాలి. సుందరకాండలో హనుమంతుడు సీతమ్మతో మాట్లాడేదీ ఈ వరసలోనే: ‘వైదేహి కుశలీ రామః’ అని ముందు రాముడు క్షేమమని చెప్పి, ఆయన నీ కుశలం అడిగాడంటాడు. ఈ రెండూ అయితేనే ‘ఉభయ’ అనే మాటకు న్యాయం.

నాకు ఇది బాగా తెలిసొచ్చింది నా స్నేహితురాలి ఉత్తరాల వల్ల. ఆమె ఖమ్మం నుంచి జర్మనీకి నర్సింగ్ చదవడానికి వెళ్లింది. అక్కడ దాన్ని ఔస్‌బిల్డుంగ్ అంటారు. మూడేళ్ల శిక్షణ, క్లాసులతో పాటు వార్డు డ్యూటీలు, చదువుతుండగానే నెలనెలా జీతం. వృద్ధుల సేవకు, పిల్లల వైద్యానికి, మామూలు ఆసుపత్రికి విడివిడిగా ఉండే కోర్సుల్ని 2020 నుంచి అమల్లోకి వచ్చిన చట్టంతో ఒకే శిక్షణగా కలిపారు. అందుకే ఒక ఉత్తరం వృద్ధాశ్రమం కబుర్లతో వస్తే, ఇంకోటి పిల్లల వార్డు కబుర్లతో వస్తుంది. కాగితం మీద రాసి, ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుకుంటాం.

మొదట్లో ఆమె ఉత్తరం ‘ఏమే, ఉభయకుశలోపరి’ అని మొదలయ్యేది. ఆ వెంటనే చలి, బస్సులు, జర్మన్ వ్యాకరణం. తన గురించి ఒక్క ముక్క ఉండేది కాదు. ఒకసారి అంతా అయిపోయి సంతకం కూడా పెట్టాక, కింద తా.క. అని ఇలా రాసింది: ‘నేను రోజూ స్నానం చేయించే ముసలాయన నిన్న పోయాడే. మన దగ్గరైతే తాతా అని పిలిచేదాన్ని. ఇక్కడ హెర్ (మన ‘శ్రీ’ లాంటిది) అని ఇంటిపేరు పెట్టి, మీరు అనాలి. చివరి దాకా అలాగే పిలిచాను.’

తా.క. అంటే తాజా కలం. రెండు మాటలూ ఉర్దూ నుంచి వచ్చినవే, మరాఠీవాళ్లూ ఇదే వాడతారు. మరిచిపోయిన చిన్నాచితకా సంగతుల కోసం ఉన్న చోటది. అసలు కుశలమంతా అక్కడికి పోయి, పైన ‘ఉభయకుశలోపరి’ ఖాళీగా ఉండిపోయింది. ఎలా ఉన్నావో చెప్పకుండానే క్షేమసమాచారాలు అయిపోయాయంటే ఎలా కుదురుతుందే అని రాశాను.

ఇప్పుడు మా ఉత్తరాల్లో ఆ మాట సగం పేజీ కిందికి దిగింది. ముందు నిద్ర పట్టిందా, ఏం తిన్నావు, నైట్ డ్యూటీ తర్వాత కాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి, ఎవరి మీద బెంగ పెట్టుకున్నావు. ఆ తర్వాత కొత్త లైనులో ‘ఉభయకుశలోపరి’. పరీక్షలు, ఇంటికి పంపే డబ్బు, వాళ్ల తమ్ముడి కాలేజీ సీటు టెన్షన్, అన్నీ దాని కింద. ‘ఉపరి’కి సరైన స్థానం అదేనని నా నమ్మకం.

ఇంకో సంగతి. కుశలానికి నేర్పు అనే అర్థమూ ఉంది. కుశలుడంటే దర్భలు కోసేవాడని పాత వ్యుత్పత్తి. దర్భ అంచు పదును, చెయ్యి తెగకుండా కోయడానికి నేర్పు కావాలి. ఇది ఆమెకు రాశాను. ఒక పెద్దావిడకు పొట్ట మీద హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) సూది మొదటిసారి ఇచ్చి, నొప్పి తెలియక ఆవిడ ‘అయిపోయిందా?’ అని అడిగిన రోజున, ‘ఇవాళ రెండర్థాల్లోనూ కుశలమే’ అని జవాబొచ్చింది.

కువైట్, దుబాయ్‌లలో పనిచేసినవాళ్ల ఉత్తరాలు కరీంనగర్, కడప, గోదావరి జిల్లాల ఇళ్లలో ఇంకా ఉండే ఉంటాయి. మీ ఇంట్లో ఉంటే ఒక్కసారి తీసి చూడండి. ‘ఉభయకుశలోపరి’ అని రాశారా, ‘మంచిగున్నం’ అనో ‘బాగుండాము’ అనో రాశారా, అది ఏ వరసలో వచ్చిందో ఇక్కడ పెట్టండి. పేర్లు కనబడకుండా చూసుకోండి.