పాత ఒక అంగుళం షీటు చూపి కొల్లేరు హద్దు తేల్చవచ్చా?

గట్టులెక్క: 1905 తర్వాతి సర్వే ఆఫ్ ఇండియా రంగుల షీట్లలో కొల్లేరు 65 హెచ్‌లో పడుతుంది, మైలుకు అంగుళం స్కేలు. చేపల చెరువులు లేని కాలం నాటిది. అభయారణ్యానికి హద్దయిన +5 కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున్న చోట్లను కలిపే గీత) ఎక్కడుందని గొడవ పడే బదులు ఆ నీలి అంచునే ఒప్పుకోవచ్చుగా?

లెవెల్‌కర్ర: కుదరదండీ. ఆ షీట్లలో కాంటూర్ల ఎడం మామూలుగా 50 అడుగులు. కొల్లేరు ఒడ్డు దానికి ఎంతో కింద ఉంటుంది, అక్కడ కాంటూరే పడదు. నీలి అంచంటే సర్వే జరిగిన సీజనులో నీరు నిలిచిన ఒడ్డు, అంతే. +3 అడుగుల దగ్గర సరస్సు 135 చదరపు కిలోమీటర్లు, +5 దగ్గర 308, +10 దగ్గర 901. రెండడుగుల నీటికే రెట్టింపు దాటే చోట, బుడమేరు, తమ్మిలేరు పొంగు ఉప్పుటేరు గుండా దిగాక గీసిన గీత +5 అని ఎలా అంటారు?

పాతషీటు: ఊళ్లు, ఏర్లు, దారులకైతే వాడుకోండి. కానీ చాలామంది గుడి, రోడ్డు కూడలి పట్టుకుని జియోరిఫరెన్స్ చేస్తారు (స్కాన్‌ను నేల మీది అక్షాంశ రేఖాంశాలకు కుదురుస్తారు), అక్కడే తప్పు. 15 నిమిషాల (పావు డిగ్రీ) షీటులో 5 నిమిషాల అక్షాంశ, రేఖాంశ గీతలు కలిసే 16 చోట్లు దొరుకుతాయి, వాటినే కంట్రోల్ పాయింట్లు (కుదిర్చే ఆధార బిందువులు) చేయండి. గుళ్లు సరిచూసుకోవడానికి ఉంచుకోండి. డేటమ్ (అక్షాంశ రేఖాంశాల లెక్కకు ఆధారం) కళ్యాణ్‌పూర్, భూమి ఆకారానికి వాడింది ఎవరెస్ట్ గోళం. నేరుగా డబ్ల్యూజీఎస్ 84 (ఇప్పటి జీపీఎస్ వాడే డేటమ్) అని పెడితే అంతా వంద మీటర్ల పైనే పక్కకు జరుగుతుంది. గుడ్డకు అతికించిన మడత షీటయితే ముక్కల మధ్య సందులుంటాయి, ముక్కముక్కకీ విడిగా చేయాలి. 300 డీపీఐ స్కాన్ చాలు, పిక్సెల్ ఐదు మీటర్ల చిల్లర.

గట్టులెక్క: మరి ఇది వినండి. నీరు తగ్గిన రోజుల్లోనే గీశారంటే, ఆ గీత లోపలంతా కనీసపు సరస్సే కదా? ఇవాళ్టి చేపల చెరువు గట్టు దాని లోపల ఉంటే సరస్సులో కట్టినట్టేగా?

లెవెల్‌కర్ర: ఆ వాదన నిలుస్తుంది, అంచు తెగని గీత అయితేనే. చుక్కల అంచంటే ఎండిపోయే నీరు, అది లెక్కకు రాదు. అర మిల్లీమీటరు గీతే నేల మీద 30 మీటర్లు, కాగితం సాగడం, చేతి గీత తప్పు వేరే. అంచుకు 150 మీటర్ల లోపున్న గట్టు జోలికి ఈ షీటుతో వెళ్లకండి. అక్కడ ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం) తీసి, బెంచ్ మార్కు (ఎత్తు తెలిసిన సర్వే గుర్తు) నుంచి లెవెల్ మోసుకురావాల్సిందే.